గోడకు ఆనని తొట్టి

ఇంటికి ఫ్రిజ్ అక్కర్లేదు. టీవీ అక్కర్లేదు. సోఫా అసలే అక్కర్లేదు, దాని మీద ఎలాగూ మడత పెట్టని బట్టలే కూర్చుంటాయి. ఇల్లన్నాక ఉండి తీరాల్సింది ఒక్కటే. బాత్‌టబ్!

నవ్వకండి. నేను చెబుతున్నది మూలన నక్కి, గోడను పట్టుకుని, టైల్స్ చాటున బతికే బాత్‌టబ్ గురించి కాదు. గది నట్టనడుమ, నాలుగు వైపులా గాలాడేలా, ఎవరి అండా లేకుండా దర్జాగా నిలబడే తొట్టి గురించి. దాన్ని ఫ్రీస్టాండింగ్ టబ్ అంటారు. అందులో మెడదాకా నీళ్లు నింపుకుని, మునిగి, కళ్లు మూసుకుని ఊరికే ఉండాలి. అదే దాని వాడకం! ఇంట్లో మిగతా సామానంతా మనిషి చేత ఏదో ఒక పని చేయించడానికే ఉంది. పని మాన్పించడానికి తయారైన వస్తువు లోకంలో ఇదొక్కటే.

పైగా కుటుంబ ఐక్యతకు ఇంతకు మించిన సాధనం లేదని నా దృఢ విశ్వాసం. రుజువు కావాలా? అయితే ఎంక్వయిరీ అక్కయ్య ఇంటి సంగతి వినండి.

అక్కయ్యకు ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు. బస్‌స్టేషన్‌లో ఎంక్వయిరీ కౌంటర్ దగ్గర గాజు పలక వెనక కూర్చునేది ఆవిడే. ఆ గాజుకు అరచెయ్యంత కన్నం ఉంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోంచి ప్రశ్నలు వచ్చి ఒళ్లో పడుతుంటాయి. బస్సెప్పుడు? ఏ ప్లాట్‌ఫారం? వెళ్లిపోయిందా? వెళ్లిపోతే ఎందుకు వెళ్లిపోయింది? నేను రాకుండా ఎలా వెళ్లిపోతుంది? గొడుగు పోగొట్టుకున్నవాళ్లు అక్కడికే వస్తారు. తమ్ముడు ఫోనెత్తడం లేదని బెంగపడేవాళ్లూ అక్కడికే వస్తారు. అందరికీ విసుక్కోకుండా జవాబు చెబుతుంది. డ్రైవర్లు, కండక్టర్లు "ఎంక్వయిరీ అక్కా" అని పిలిచి పిలిచి, చివరికి అసలు పేరు జీతం స్లిప్పుకే పరిమితమైపోయింది.

డ్యూటీ దిగి ఇంటికొస్తుంది. ఇంట్లో ఆ గాజు పలక కూడా ఉండదు!

"ఏమోయ్, నా కళ్లజోడు చూశావా?" ఇది భర్త. బళ్లో డ్రాయింగు మాస్టారు. కళ్లజోడు నెత్తి మీదే ఉంటుంది.

"అమ్మాయ్, ఇవాళ ఏ వారం?" ఇది అత్తగారు. ఆవిడ కూర్చునే కుర్చీకి సరిగ్గా ఎదురుగానే క్యాలెండరు.

"వదినా, నా చార్జర్ ఎక్కడ?" మరిది. చార్జర్ ఫోనుకు తగిలించి ఉంటుంది.

"అమ్మా, నేను పొద్దున టిఫిన్ తిన్నానా?" కాలేజీలో చదివే కూతురు. ఇంతకన్నా గడ్డు ప్రశ్న ఏ బస్‌స్టేషన్‌లోనైనా ఎవరైనా అడిగారా? మీరే చెప్పండి!

ఇలా ఉండగా డిపార్ట్‌మెంటు వారు అక్కయ్యను పొరుగూరికి ట్రైనింగుకి పంపించారు. 'ప్రశ్నించేవారితో చిరునవ్వుతో మెలగడం ఎలా' అన్నది అంశం. అక్కయ్యకు అది నేర్పడమంటే చేపకు ఈత నేర్పడమే అనుకోండి. అయినా వెళ్లింది. బసకిచ్చిన గదిలో, ఎవరి పొరపాటో గానీ, బాత్‌టబ్ ఉంది. ముందు అందులో బట్టలు ఉతుక్కుందామనుకుంది. తర్వాత ఎందుకో నీళ్లు పట్టి, తనే దిగి కూర్చుంది. చెవులు మునిగేదాకా జారింది. లోకమంతా ఎవరో దుప్పటి కప్పినట్టు సద్దుమణిగింది. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి ఏదో కూనిరాగం వినిపించి, ఎవరు పాడుతున్నారా అని చూస్తే, పాడుతున్నది తనే!

వేళ్లు ముడతలు పడేదాకా అక్కయ్య ఆ నీళ్లలోంచి లేవలేదు.

ఇంటికొచ్చాక అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు చెప్పింది. "నాకో తొట్టి కావాలి."

"బట్టలు నానబెట్టడానికా?" అన్నారు మాస్టారు.

"కాదండీ. నేను నానడానికి."

ఇన్నేళ్ల కాపురంలో అక్కయ్య తనకోసం ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. అడగక అడగక తొట్టి అడిగింది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక చూడండి ఆ ఇంటి ఐక్యత! ఫ్యాను ఎంతలో పెట్టాలనే విషయం మీద ఏనాడూ ఒక మాట మీదకు రాని నలుగురు, తొట్టి దగ్గర ఒక్కటైపోయారు. మాస్టారు డ్రాయింగు షీటు పరిచి తొట్టిని పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి గీశారు. రంగులు కూడా వేశారు. తొట్టిలో అక్కయ్యను అగ్గిపుల్లంత గీశారు. మరిది లోకంలోని తొట్టి వీడియోలన్నీ చూసేసి, ఆఫీసులో కూడా తొట్ల గురించే మాట్లాడి, మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు. కూతురు తొట్టి పక్కన పెట్టడానికి మొక్క ఏదైతే బాగుంటుందో తేల్చేసింది. అత్తగారు ఒక్కరే లోతుగా ఆలోచించారు.

"కుళాయి రాని రోజున నీళ్లు పట్టి ఉంచుకోవచ్చు. మంచిదే," అన్నారు.

ఆదివారం నాడు ఇంటిల్లిపాదీ షోరూముకి బయల్దేరారు.

షోరూము కాదు, తొట్ల మహాసభ! గుడ్డులా ఉన్నవి, పడవలా ఉన్నవి, ఒక పక్క ఎత్తుగా లేచి చెప్పులా ఉన్నవి. తేలికపాటి యాక్రిలిక్‌వి, నలుగురు పట్టినా కదలని పోత ఇనుమువి, రాతిపొడి కలిపి పోసినవి. టై కట్టుకున్న షోరూము మేనేజరు ఎదురొచ్చి, ఒక్కో తొట్టినీ పెళ్లిచూపుల్లో పిల్లను చూపించినంత మురిపెంగా చూపించాడు.

"ఇది గోడకు ఆనదండీ. స్వతంత్రంగా నిలబడుతుంది."

"ఎన్నాళ్లు నిలబడుతుంది?" అన్నారు అత్తగారు. "ఏ అండా లేకుండా మనుషులే నిలబడలేకపోతున్నారు."

మాస్టారు చెప్పులు విప్పి తొట్టి తర్వాత తొట్టి ఎక్కి పడుకోవడం మొదలుపెట్టారు. ఒకదాంట్లో బోర్లా కూడా పడుకున్నారు. బోర్లా స్నానం చేసేవాళ్లెవరండీ అని మేనేజరు అడిగితే, అన్ని కోణాలూ చూసుకోవాలి కదా అన్నారు. మరిది తొట్టి అంచు మీద వేళ్లతో కొట్టి, చెవి ఆనించి, ఖర్బూజా పండు ఎంచినట్టు ఎంచాడు. కూతురు ప్రతి తొట్టిలోనూ కాలు బయటికి వేలాడేసి ఫోటో దిగింది.

అత్తగారు చెప్పు ఆకారం తొట్టిలోకి దిగి, వీపు ఆనించి కళ్లు మూసుకున్నారు. ఎంతకీ తెరవరే! కొడుకులిద్దరూ కంగారుపడి "అమ్మా! అమ్మా!" అని పిలిచారు.

"అరవకండిరా. బతికే ఉన్నాను," అన్నారావిడ కళ్లు తెరవకుండానే. "మీరంతా వెళ్లి వేరేవి చూసుకు రండి. నేనిక్కడే ఉంటాను."

చుట్టూ జనం పోగయ్యారు. తొట్టితో పాటు ఆవిడ కూడా అమ్మకానికే అనుకున్నట్టు ఒకాయన దగ్గరకొచ్చి వంగి చూశాడు. ఆఖరికి ఆవిడను బయటికి తీయడానికి మేనేజరుతో కలిపి ముగ్గురు పట్టాల్సి వచ్చింది.

"వాడేవాళ్ల పొడుగు చెబితే సైజు చూపిస్తానండీ," అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "ఇంతకీ ఎవరు వాడతారు?"

నలుగురూ ఒకేసారి ఎవరి పొడుగు వాళ్లు చెప్పారు.

వెనకాల అందరి చెప్పులకూ, సంచులకూ కాపలాగా నిలబడ్డ అక్కయ్య గొంతు సవరించుకుంది. "నేనండీ."

అందరూ వెనక్కి తిరిగారు. అవును కదా! ఈవిడ కోసమే కదా వచ్చింది! ఆ సంగతి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"దిగి చూడండి మేడమ్."

అక్కయ్య పడవ ఆకారం తొట్టిలోకి దిగి పడుకుంది. ఇలా కళ్లు మూసిందో లేదో, అంచు చుట్టూ నాలుగు తలలు వంగాయి. తల ఆనిందా? కాళ్లు తగులుతున్నాయా? వీపు కింద చల్లగా ఉందా? లేచేటప్పుడు పట్టు దొరుకుతుందా? లోపల్నుంచి మేం ఎలా కనిపిస్తున్నాం?

"బాగుంది. ఇదే తీసుకుందాం," అంది అక్కయ్య. ఆ తలల మధ్య నుంచి బయటపడటానికి ఇంకో మార్గం తోచలేదు. తొట్టిని ఎంచుకోవడం ఎలా అని తెగ చదివేవాళ్లు ఈ పద్ధతి కూడా గమనించగలరు.

ఇంటికొచ్చి కొలిస్తే తెలిసింది. స్నానాల గదిలో తొట్టి పడుతుంది. వాషింగ్ మెషీన్‌ను బాల్కనీలోకి నెడితే చుట్టూ తుడుచుకోవడానికి చోటు కూడా మిగులుతుంది. అన్ని కోణాల్లో గీసిన మాస్టారు గుమ్మాన్ని మాత్రం గీయలేదు!

తొట్టి వచ్చింది. మెట్లెక్కింది. హాలు దాటింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. నిలువుగా పెట్టారు. అడ్డంగా పెట్టారు. ఏటవాలుగా తిప్పి, మరిది వీడియోలో చూసినట్టు "హైలెస్సా" అన్నారు. తొట్టి వినలేదు. మేస్త్రి వచ్చి చూసి, గుమ్మం పగలగొట్టాలన్నాడు. వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. మేస్త్రి సమ్మెట పట్టి ద్వారబంధం లేపేసి, పక్కగోడ కూడా కాస్త తొలిచాడు. దుమ్ము ఇంటినిండా పొగమంచులా కమ్ముకుంది. ఆ పొగమంచులోంచి, నలుగురి భుజాల మీద, తెల్లగా మెరుస్తూ తొట్టి లోపలికి వెళ్తుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. అత్తగారి కళ్లు చెమర్చాయి. దుమ్ము వల్ల అన్నారు.

"కొత్త గుమ్మం రేపొచ్చి బిగించేస్తానమ్మా," అని వడ్రంగి వెళ్లిపోయాడు. వడ్రంగుల రేపు ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. అందాకా గుమ్మానికి ఒక దుప్పటి కట్టారు. ఊడదీసిన తలుపు బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన నిలబడింది.

ఇక ఆ సాయంత్రం! అక్కయ్య డ్యూటీ దిగి, గబగబా ఇంటికొచ్చి, తొట్టికి నీళ్లు వదిలింది. చిన్న గీజరు పాపం మోకాళ్లదాకా వేడినీళ్లిచ్చి చేతులెత్తేసింది. పొయ్యి మీద గిన్నెలు పెట్టి, మోసి మోసి, మొత్తానికి మెడదాకా నింపుకుంది. దుప్పటి సరిగ్గా లాగింది. దిగింది. ఒళ్లంతా వదులైంది. చెవులు మునగబోతున్నాయి...

"ఏమోయ్!" దుప్పటి అవతల మాస్టారు, మర్యాదగా అటు తిరిగి నిలబడి. "నేను చూడట్లేదులే. నా పొడుగు స్కేలు ఎక్కడుంది?"

"వదినా!" హాల్లోంచి మరిది. "గ్యాసు కట్టేశావా, నన్ను కట్టమంటావా?"

"అమ్మా!" కూతురు. "ఉప్పంటే తెల్ల డబ్బానా, నీలం డబ్బానా?"

దుప్పటి తప్పించుకుని అత్తగారు నేరుగా లోపలికే వచ్చేశారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నువ్వెలాగూ ఖాళీగానే ఉన్నావు కదమ్మాయ్. ఇవాళ ఏ వారం?"

అక్కయ్య నీళ్లలోంచే నలుగురికీ జవాబులు చెప్పింది. స్కేలు అలమార వెనక. గ్యాసు కట్టేశాను. నీలం డబ్బా. గురువారం. చెబుతూ చెబుతుండగా నీళ్లు చల్లారిపోయాయి.

అలా రోజూ జరిగింది. తొట్టి కొన్నప్పటి నుంచి ఆవిడ ఎక్కడుందో వెతుక్కునే శ్రమ కూడా తప్పింది ఇంట్లోవాళ్లకు. కదలకుండా ఒకేచోట దొరికేది! ఇంతకన్నా సౌకర్యం ఇంకేం కావాలి?

ఒకరోజు అక్కయ్య చల్లారిన నీళ్లలో కూర్చుని, ఊగుతున్న దుప్పటిని చూస్తూ ఆలోచించింది. ఆ బస గదిలో ఉన్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి? తొట్టి ఇంకా ఇదే పెద్దది. నీళ్లు ఇవే నీళ్లు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నీళ్లలోకి దిగబోయే ముందు చేత్తో ఒక పని చేసింది. గడియ పెట్టింది. 'టక్'మని చప్పుడైంది. ఆ చప్పుడుతోనే సగం అలసట తీరింది.

"పిచ్చిదాన్ని," అనుకుంది అక్కయ్య. "తలుపు అడగబోయి తొట్టి అడిగాను."

తనకే నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వింది. ఏమైందని నాలుగు గొంతులు అడిగాయి.

ఎట్టకేలకు వడ్రంగి 'రేపు' వచ్చింది. అతను వచ్చి కొలిచి, గుమ్మం వెడల్పైపోయింది కాబట్టి పాత తలుపు ఇక దీనికి సరిపోదనీ, కొత్తది చేయాల్సిందేననీ తేల్చాడు.

"మరి ఈ పాతది పట్టుకుపొమ్మంటారా అమ్మా?"

"వద్దు," అంది అక్కయ్య. "సామాన్ల గదికి బిగించు."

వంటింటి పక్కన ఉంటుంది ఆ సామాన్ల గది. తలుపు ఏనాడూ లేదు. పాత సూట్‌కేసులు, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, మాస్టారి చుట్టచుట్టిన డ్రాయింగులు. చిన్న కిటికీలోంచి పక్కింటి డాబా మీది నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అంతకు మించి అందచందాలేమీ లేవు.

"సామాన్ల గదికి తలుపెందుకోయ్?" అన్నారు మాస్టారు. "ముందు స్నానాల గదికి కదా కావాలి!"

"దానికి కొత్తది చేయించండి. కొలతలు మీరే ఇవ్వండి. వడ్రంగి వెంట కూడా మీరే పడండి," అంది అక్కయ్య. ఒక కుర్చీ పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్లింది. తలుపేసుకుంది. గడియ పెట్టుకుంది.

టక్!

బయట ప్రశ్నలు మొదలయ్యాయి. కళ్లజోడు. చార్జర్. పంచదార. ఇవాళ్టి వారం. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అడిగారు, ఇంకాస్త గట్టిగా. ఊహూ! ఇల్లంతా బిక్కమొహం వేసింది. ఇది ఎంతో దయనీయమైన దృశ్యం, నన్ను నమ్మండి. ఎదిగిన మనుషులు నలుగురు, సొంత ఇంట్లో, దారి తప్పినవాళ్లలా నిలబడిపోయారు!

"నాన్నా, నీ నెత్తి మీదే ఉంది," అంది కూతురు చివరికి.

మాస్టారు తడుముకున్నారు. ఉంది! ఆ కళ్లజోడు పెట్టుకుని చూస్తే చార్జర్ కనిపించింది. చార్జర్ దొరికిన సంతోషంలో మరిది పంచదార వెతికిపెట్టాడు. అత్తగారు కళ్లెత్తి ఎదురుగా ఉన్న క్యాలెండరు కేసి చూశారు. "ఓహో, శనివారం," అన్నారు, కొత్త ఖండం కనుక్కున్నట్టు.

మర్నాడు సాయంత్రం తలుపు మీద చిన్నగా చప్పుడైంది.

"అమ్మాయ్. ఏం చేస్తున్నావే లోపల?"

"ఏం చెయ్యట్లేదు అత్తయ్యా."

"ఏం చెయ్యకుండా ఉండటానికి గడియెందుకే?"

"గడియ లేకపోతే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తోంది అత్తయ్యా."

అక్కయ్య గడియ తీసి చూస్తే, అత్తగారు అక్కడే నిలబడి తలుపు చెక్క మీద అరచెయ్యి పెట్టి నిమురుతున్నారు.

"కాదమ్మాయ్..." అన్నారావిడ, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. "నీదైపోయాక, కాసేపు నేనూ కూర్చోనా? పెళ్లయి వచ్చినప్పట్నుంచి వంటింట్లో, హాల్లో, అందరి మధ్యలోనే ఉన్నాను. ఒక్కదాన్నే ఉండి ఎప్పుడూ చూడలేదే."

అక్కయ్య తన చీర కొంగుతో కుర్చీ దులిపింది. అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల్నుంచి గడియ పడటానికి కాస్త సమయం పట్టింది. ఆ వేళ్లకు అలవాటు లేదు మరి. మొత్తానికి పడింది.

అలా పాఠకులారా, ఆ ఇంట్లో ఇప్పుడు పరమానందం. కొత్త గుమ్మం కూడా వచ్చేసింది, మాస్టారు వడ్రంగి ఇంటి చుట్టూ చెప్పులరిగేలా తిరిగాక! తొట్టి ఆయన సొంతమైపోయింది. అందులో నానుతూ సబ్బెక్కడని కేక పెడతారు. జవాబు రాదు. కాసేపు ఎదురుచూసి, తనే లేచి, ఒళ్లంతా నీళ్లోడుతూ వెతుక్కుంటారు. దొరుకుతుంది కూడా!

అంచేత నా సలహా వినండి. ప్రతి ఇంటికీ ఒక బాత్‌టబ్ కొనండి. గుడ్డా, పడవా, ఇనుమా, రాయా అని బుర్ర పాడుచేసుకోకండి. పెద్దది చూసి కొనండి. మీ గుమ్మంలోంచి ససేమిరా పట్టనంత పెద్దది! దాన్ని లోపలికి తేవాలంటే ఎవరో ఒకరు తలుపు ఊడదీయక తప్పదు. ఊడదీసిన ఆ తలుపును బాల్కనీలో పారేయకండి. మీ ఇంట్లో ఎన్నాళ్ల నుంచో నోరు తెరిచి అడగకుండా తిరుగుతున్న మనిషి ఒకరుంటారు. ఆవిడకు ఇచ్చేయండి.

గడియ మాత్రం లోపలి వైపు ఉండేలా చూడండి.